రైల్వే సరుకు రవాణా పుస్తకాల్లో నాకు అక్కరకొచ్చినవి చివరి పేజీలు

రైల్వే సరుకు రవాణా మీద పుస్తకం కొనదలచినవారు ముందుమాట కంటే ముందు వెనకనున్న ఇండెక్స్ చదవాలని నా అభిప్రాయం. చిత్తూరులో కోళ్ల దాణా వ్యాపారం చేసే ఒక సంస్థలో రవాణా కాగితాలు చూసే ఉద్యోగం నాది. బీహారు నుంచి రేకుల్లో, అంటే వ్యాగన్లు వరసగా తగిలించిన గూడ్స్ రైళ్లలో, వచ్చే మొక్కజొన్న దించుకోవడం దగ్గర్నుంచి, దాని మీద రైల్వేతో నడిచే ఉత్తరప్రత్యుత్తరాల దాకా అన్నీ నా బల్ల మీదుగానే సాగుతాయి. ఈ పని కోసం కొన్నవీ, పెద్దల దగ్గర అడిగి తెచ్చుకున్నవీ కలిసి ఏళ్ల తరబడి ఒక అర నిండా పుస్తకాలు చేరాయి. వాటిలో చాలావాటి మీద నాకు గౌరవం ఉంది. కాని చేతిలో పని ఆగిపోయినప్పుడు నన్ను గట్టెక్కించింది ఒకే ఒక్కటి, అదీ కేవలం దాని ఇండెక్స్ వల్ల.

ఆ పుస్తకం 1989 నాటి రైల్వే చట్టానికి రాసిన ఇంగ్లీషు వ్యాఖ్యానం. ఇలాంటివి లా పుస్తకాల దుకాణాల్లో నాలుగైదు రకాలు దొరుకుతాయి కాబట్టి పేరుతో పనిలేదు. నా ప్రతిలో ఇండెక్స్ తయారుచేసిన వ్యక్తి ఎవరో గాని, సరుకు అందుకునేవాడు ఏ ఇబ్బందితో పుస్తకం తెరుస్తాడో ఎరిగినవాడు. సెక్షన్ల శీర్షికలను అక్షరక్రమంలో పేర్చి ఊరుకోకుండా, తడిసిన సరుకు, తగ్గిన బస్తాలు, సీలు తెగిన వ్యాగన్, డెలివరీ తీసుకోనని చెప్పడం అంటూ సమస్య పేరుతోనే పద్దులు వేసి, ప్రతిదాని ఎదుటా సెక్షన్ నెంబరూ పేజీ నెంబరూ ఇచ్చాడు.

దాని విలువ నాకు తెలిసింది ఒక ఈశాన్య రుతుపవనాల కాలంలో. జిల్లాలోని ఒక గూడ్స్ షెడ్డుకు మాతోపాటు మరికొందరు వ్యాపారుల మొక్కజొన్న రేకు వచ్చింది. దారి పొడవునా వానలే. మా వాటా వ్యాగన్లలో ఒకదాని తలుపు లాగగానే పులిసిన వాసన గుప్పుమంది. తలుపు పక్కనున్న బస్తాల అడుగు కుట్లు నల్లబడి ఉన్నాయి. ఒక బస్తా విప్పి గింజలు గుప్పిట పట్టుకుంటే విడివిడిగా జారకుండా అరచేతికి అంటుకున్నాయి. మేము మొక్కజొన్నను 14 శాతం తేమకు మించి తీసుకోము. మీటరు అంతకంటే చాలా ఎక్కువ చూపింది. తేమ పట్టిన మొక్కజొన్నలో బూజు పెరిగితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కోళ్లకు ప్రాణాంతకం. హమాలీ మేస్త్రి నా దగ్గరకొచ్చి, "సామీ, తలుపు పక్క మూటలన్నీ నెమ్ము పట్టినాయి. దించమంటారా, వద్దంటారా?" అని అడిగాడు.

మా యజమాని ఫోనులో ఆ వ్యాగన్ ముట్టుకోవద్దన్నారు. తడిసిన సరుకు దించుకుంటే నష్టాన్ని మనమే ఒప్పుకున్నట్టవుతుందన్నది ఆయన మాట. మా వ్యాపారంలో చాలామంది ఇప్పటికీ అదే నమ్ముతారు. సంచిలో ఉన్న వ్యాఖ్యానం తీసి, షెడ్డు దీపం కింద, డెలివరీ తీసుకోకపోతే ఏమవుతుందన్న పద్దు వెతికాను. అది 82వ సెక్షన్‌కు పంపింది. సరుకు దెబ్బతిన్నా సరే, సిద్ధంగా ఉన్న మేరకు డెలివరీ తీసుకోవలసిందేననీ, నిరాకరిస్తే గడువు దాటిన కాలానికి వార్ఫేజి పడుతుందనీ అందులో ఉంది. అంటే సరుకును షెడ్డులోనే వదిలేస్తే తడిసిన బస్తాల నష్టానికి తోడు వాటి మీద అద్దె కూడా మా నెత్తిన పడేది. ఆ పద్దు కిందనే 81వ సెక్షన్ కూడా చూడమని సూచన ఉంది. సరుకు దెబ్బతిని వచ్చినప్పుడు అందుకునేవాడు ఓపెన్ డెలివరీ కోరితే రైల్వే ఇచ్చి తీరాలని ఆ సెక్షన్ చెబుతుంది. అలా కోరితే బస్తాలు విప్పి, నష్టం లెక్కగట్టి, దాన్ని కాగితం మీద పెడతారు.

అప్పటికప్పుడు తెల్లకాగితం మీద సెక్షన్ నెంబరుతో సహా ఓపెన్ డెలివరీ కోరుతూ అర్జీ రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. సెక్షన్ నెంబరు చూశాక కౌంటరులో ఎవరూ ఎదురుచెప్పలేదు. మరునాడు పొద్దున కమర్షియల్ విభాగం అధికారి వచ్చేదాకా తడిసిన వరుసలను కదపకుండా, పొడి బస్తాలన్నిటినీ లారీలకెత్తి గోడౌనుకు పంపించాము. తడిసినవి అధికారి ఎదుట విప్పి, తూచి, నష్టపు శాతం రాయించుకున్నాము. ఇండెక్స్‌లో ఆ రెండు సెక్షన్లనూ పక్కపక్కన ముడిపెట్టిన ఆ సంకలనకర్తకు నేను మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో చెప్పలేను.

అయితే అదే పుస్తకం మాకు ప్రతికూలమైన సంగతిని కూడా అంతే సూటిగా చూపించింది. ఆ రేకులో కొన్ని బస్తాలు లెక్కకు తగ్గాయి. మా రైల్వే రసీదు మీద "సెయిడ్ టు కంటెయిన్" అని రాసి ఉంది. అంటే ఎక్కించేటప్పుడు రైల్వే మనిషి లెక్కపెట్టలేదు. మామూలుగా రసీదు మీది బస్తాల సంఖ్యే ప్రాథమిక సాక్ష్యం. కాని ఈ మాట ఉన్నచోట అన్ని బస్తాలు నిజంగా ఎక్కాయని నిరూపించే భారం 65వ సెక్షన్ ప్రకారం మన మీదే పడుతుంది. బీహారులో ఎక్కించిన లెక్కకు మా దగ్గర సాక్ష్యం లేదు కాబట్టి బస్తాల తగ్గుదలను వదులుకుని, తడి నష్టానికే క్లెయిము పెట్టాము. ఆలస్యంగానైనా అందులో కొంత వచ్చింది. క్లెయిము నోటీసుకు 106వ సెక్షన్ ఇచ్చిన ఆరు నెలల గడువు సరుకు మన చేతికొచ్చిన రోజు నుంచి మొదలవదు, రైల్వేకు అప్పగించిన రోజు నుంచే మొదలవుతుంది. బీహారులో బుక్ అయ్యాక దారిలో రోజుల తరబడి నిలిచిపోయిన రేకుల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం.

ఇక మిగతా అర సంగతి. అమెరికా రైల్‌రోడ్ల మీద రాసిన లావుపాటి పాఠ్యగ్రంథాలు రెండు ఉన్నాయి. అచ్చు, పటాలు, వ్యాగన్ల బొమ్మలు కళ్లకద్దుకునేలా ఉంటాయి. కాని అక్కడ పట్టాలు చాలావరకు సరుకు రవాణా కంపెనీల సొంతం. 1971లో ఆమ్‌ట్రాక్ అనే ప్రయాణికుల రైళ్ల సంస్థ వచ్చాక దూరప్రాంత ప్రయాణికుల రైళ్ల భారం చాలావరకు ఆ కంపెనీల మీది నుంచి తొలగింది. రైలు రేట్ల మీద ప్రభుత్వ నియంత్రణను సడలించిన 1980 స్టాగర్స్ చట్టం తర్వాత కంపెనీ, వ్యాపారి కూర్చుని ధర మాట్లాడుకోవడం మామూలైంది. మన దేశంలో రేటు, సరుకులను క్లాసులుగా విడగొట్టిన అచ్చు పట్టిక నుంచి వస్తుంది. క్లాసు 100ను ప్రాతిపదికగా పెట్టుకుని, 150 అంటే దానికి ఒకటిన్నర రెట్లని లెక్క కట్టుకోవడమే తప్ప, మా స్థాయి వ్యాపారికి బేరమాడే వీలు దాదాపు ఉండదు. కాబట్టి ఆ గ్రంథాల్లో సగం అధ్యాయాలు మాకు అన్వయించవు. అయినా యార్డుల్లో వ్యాగన్లు నిలిచిపోవడం గురించిన అధ్యాయం మాత్రం మనసులో నాటుకుంది. వ్యాగన్ కదిలినప్పుడే సంపాదిస్తుంది గనుక దాన్ని ఆపినవాడి మీద డెమరేజి అనే రుసుము ఎందుకు వేస్తారో ఏ రైల్వే సర్క్యులరూ అంత బాగా వివరించలేదు.

చరిత్ర పుస్తకాలు నాకు ఇష్టమే. మద్రాసు రైల్వే అరక్కోణం నుంచి 1862లో రేణిగుంటకు, 1871లో రాయచూరుకు చేరడం, కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా మరో కంపెనీ మీటరు గేజి వేయడం, పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్ల వెడల్పున్న దారి, 1000 మిల్లీమీటర్ల వెడల్పున్న దారి కలిసేచోట సరుకంతా ఒక వ్యాగన్ నుంచి మరో వ్యాగన్‌కు మోయవలసి రావడం చదివితే, మన ప్రాంతపు గూడ్స్ షెడ్లు ఎక్కడున్నాయో అక్కడే ఎందుకున్నాయో అర్థమవుతుంది. కాని నేను చదివిన వాటిలో కథ ప్రయాణికుల చుట్టూ, తిరుమల యాత్ర చుట్టూ తిరుగుతుంది. ఈ జిల్లాల బెల్లం, చింతపండు, వేరుశనగ, మామిడి గుజ్జు రైలెక్కిన చరిత్ర ఒక్క అధ్యాయానికైనా నోచుకోలేదు. 2020 మార్చిలో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో దూద్ దురంతో నడిచింది. ఒక్కో ట్యాంకరులో 40,000 లీటర్లు పట్టే ఆ రైలును సరుకు రవాణా దృష్టితో వివరించే తెలుగు పుస్తకం కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను.

వ్యాఖ్యానాన్ని ఇంతగా మెచ్చుకున్నా కొన్ని మాటలు చెప్పక తప్పదు. ఇండెక్స్ చూపిన సెక్షన్ నమ్మదగినదే గాని, దాని కింద అచ్చయిన రుసుముల పట్టికలను నమ్మకూడదు. డెమరేజి, వార్ఫేజి రేట్లు, ఓవర్‌లోడింగు జరిమానా లెక్కలు సర్క్యులర్లతో మారుతూ ఉంటాయి. నా ప్రతిలోనివి ఎప్పుడో పాతబడ్డాయి. 79వ సెక్షన్ కింద మళ్లీ తూకం కోరవచ్చన్నంత వరకు ఇండెక్స్ చక్కగా చూపింది. యార్డులో రద్దీ ఉంటే వ్యాగన్‌లోడు సరుకుకు దాన్ని నిరాకరించవచ్చన్న షరతు మాత్రం లోపలి పేజీ పూర్తిగా చదివితే తప్ప తెలియదు. కుట్టు కూడా బలహీనం; తరచు తెరిచే పేజీలు ఊడిపోతే బైండింగు చేయించాను.

బస్తాల సరుకు రేకులో అందుకునేవాడిగా నా తీర్పు ఇది. కంటెయినర్లలో ఎగుమతి చేసేవారికి, పరీక్షలకు చదివేవారికి, రైళ్లంటే ప్రాణం పెట్టేవారికి నా అరలోని మిగతా పుస్తకాలే ఎక్కువ ఉపయోగపడవచ్చు. వ్యాఖ్యానం కొనేవారు పాత ముద్రణ చవకగా దొరికినా తీసుకోవచ్చు, రేట్లు ఎలాగూ రైల్వే వెబ్‌సైటులోనే చూసుకోవాలి. చిత్తూరు, తిరుపతి దుకాణాల్లో నాకు దొరకలేదు గనుక బయటినుంచే తెప్పించుకున్నాను. మీరూ అలాగే తెప్పించుకునేట్టయితే, డబ్బు కట్టే ముందు ఇండెక్స్ పేజీల ఫోటో పంపమని అడగండి. అందులో ఓపెన్ డెలివరీ, పాక్షిక డెలివరీ (సిద్ధంగా ఉన్న మేరకే సరుకు తీసుకోవడం), వార్ఫేజి, క్లెయిము నోటీసు అనే పద్దులు విడివిడిగా లేకపోతే మరో ప్రచురణకర్త పుస్తకం చూసుకోండి.