ఫాస్ట్ఏపీఐ రివ్యూ: 500 ఎర్రర్ కార్స్ (CORS) వేషం కట్టినప్పుడు

రెండేళ్లుగా పైథాన్‌లో ఏపీఐలు రాయడానికి ఫాస్ట్ఏపీఐ అనే ఫ్రేమ్‌వర్క్‌నే వాడుతున్నాను. స్పీడు సంగతి అందరూ చెప్పేదే. అది మొరాయించినప్పుడు ఎలా ఉంటుందో నేను చెబుతాను.

సెటప్‌లో పెద్దగా ఏడిపించదు. మొదటి రోజు, యాప్‌ని నడిపే సర్వర్ యువికార్న్ ‘మెయిన్’ మాడ్యూల్ ఇంపోర్ట్ కాలేదంది. ఫైలు కళ్లెదుటే ఉంది; నేనే ఒక ఫోల్డర్ పైనుంచి కమాండ్ కొట్టాను. ఫారం డేటా తీసుకునే రూటు రాస్తే, దాన్ని చదివే పైథాన్-మల్టీపార్ట్ లైబ్రరీ లేదని చెప్పి, కొట్టాల్సిన పిప్ కమాండ్ కూడా తనే చూపించి ఆగిపోయింది. ఇంత మర్యాదగా కసురుకుంటే ఎవరికి కోపం వస్తుంది!

డేటా తప్పుగా పంపితే వచ్చే 422 ఎర్రర్ కూడా బాగుంటుంది. ధర ఉండాల్సిన చోట అక్షరాలు పంపారనుకోండి, ఏ ఫీల్డో, ఏం తప్పో విడమరిచి చెబుతుంది. చిక్కల్లా, హెచ్‌టీటీపీ ఎక్సెప్షన్‌లో మనం రాసే ‘డీటెయిల్’ మామూలుగా ఒక వాక్యం, 422లో అదే ‘డీటెయిల్’ ఒక లిస్టు. స్క్రీన్ మీద ‘ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్’ అని పడేదాకా నాకా తేడా తట్టలేదు. వ్యాలిడేషన్ ఎర్రర్‌కి సొంత హ్యాండ్లర్ (ఎర్రర్‌కి జవాబు తయారుచేసే ఫంక్షన్) రాసుకుని సర్దుకున్నాను. లేని రూటుకు వచ్చే 404ని కూడా పట్టాలంటే హ్యాండ్లర్‌ని ఫాస్ట్ఏపీఐకి పునాది అయిన స్టార్లెట్ వాళ్ల హెచ్‌టీటీపీ ఎక్సెప్షన్‌కి కట్టాలి. ఫాస్ట్ఏపీఐది దానికి సబ్‌క్లాస్, ఈ సబ్‌క్లాస్‌కి కడితే 404 జారిపోతుంది.

నా సగం రోజు తినేసింది మాత్రం ఇంకొకటి. బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రగా కార్స్ ఎర్రర్. ఒక సైటు (ఆరిజిన్) పేజీ ఇంకో సైటు జవాబును చదవొచ్చో లేదో హెడర్లు చూసి బ్రౌజర్ తేల్చే నియమమే కార్స్. ఆరిజిన్ల లిస్టు మార్చాను, పోర్టు నంబరు సరిచూశాను, విసుగొచ్చి ఎవరైనా సరే అని స్టార్ కూడా పెట్టాను. ఊహూఁ. అదే రిక్వెస్టు బ్రౌజర్ లేకుండా టెర్మినల్ నుంచి కర్ల్‌తో కొడితే అసలు రంగు బయటపడింది: 500, అంటే సర్వర్ లోపలి ఎర్రర్. వాల్యూ నన్‌గా (None, అంటే ఏమీ లేకుండా) వస్తే దాని మీద స్ట్రిప్ కాల్ చేశాను, అంతే. ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్‌కి జవాబిచ్చే పొర, జవాబుకు కార్స్ హెడర్లు తగిలించే కార్స్ మిడిల్‌వేర్‌కి బయట ఉంటుంది. అందుకే ఆ 500కి కార్స్ హెడర్లు అంటవు, బ్రౌజరేమో హెడర్ లేదని గోల పెడుతుంది. అన్ని ఎక్సెప్షన్లకూ కలిపి ఒక హ్యాండ్లర్ రాసినా ఇదే కథ. చివరికి యాప్ మొత్తాన్ని బయటినుంచి కార్స్ మిడిల్‌వేర్‌తో చుట్టేస్తే కుదిరింది.

ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చూపే ట్రేస్‌బ్యాక్ టెర్మినల్‌లో అప్పటికే పడి ఉంది, చూడనిది నేనే. అయినా ఐదుకు నాలుగే ఇస్తాను. కోసిన ఆ ఒక్క మార్కూ ఈ పొరల వరుసకే.