బైక్ ఇంజిన్‌తో రేసు కారు: కరి ట్రాక్‌లో యూరో జేకే చూసొచ్చాను

తిరుపతిలో 20 ఏళ్లుగా బైకులు బాగుచేస్తున్నాను. కార్ల రేసు మీద నాకు పెద్దగా ధ్యాస లేదు. 2017లో మా అబ్బాయి పోరు పడలేక శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరు వెళ్లాం. ఊరి బయట చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. మారుతి 800 ఇంజిన్‌తో మన దేశంలోనే ఫార్ములా కారు, అంటే ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనబడే రేసు కారు, తయారుచేసిన కరివర్ధన్ పేరు పెట్టారు దానికి. ఆ ఒక్క సంగతికే నాకు సగం గౌరవం కలిగింది.

జేకే టైర్ నేషనల్ ఛాంపియన్‌షిప్‌లో మావాడికి కావలసింది యూరో జేకే క్లాసు. అప్పట్లో అందులో పరిగెత్తినవి ఎఫ్‌బీ02 అనే ఫార్ములా బీఎండబ్ల్యూ కార్లు, 2002 నాటి డిజైన్. తర్వాత ఫార్ములా 1 ఛాంపియన్ అయిన వెటెల్ 2004లో జర్మనీలో 20 రేసులకు 18 గెలిచింది ఈ రకం కారుతోనే. పాతవే కదా అనుకుంటూ వెళ్లినవాణ్ణి, వెనక మూత తీసిన కారు ఒకటి కనబడగానే అక్కడే ఆగిపోయాను. లోపలున్నది బైక్ ఇంజిన్! బీఎండబ్ల్యూ కే1200 ఆర్‌ఎస్‌ది, 1171 సీసీ, 140 హార్స్‌పవర్. గేర్లు కూడా మన బైకులో లాగే ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, కాకపోతే కాలితో కాదు, చేత్తో. పక్కనే ఒక కుర్రాడు నేల మీద కూర్చుని, వేడి టైరుకు అతుక్కున్న రబ్బరు ముక్కల్ని ఓపిగ్గా గీకి తీస్తున్నాడు. ఆ టైరు అంచు చూస్తే చాలు, డ్రైవరు మలుపుల్లో ఎంత గట్టిగా తిప్పాడో తెలిసిపోతుంది.

రేసు మొదలయ్యాక నేను కళ్లకంటే చెవులకే ఎక్కువ పని చెప్పాను. అందరిదీ ఒకే ఇంజిన్ కాబట్టి మలుపు ముందు ఎవరు యాక్సిలరేటర్ ఎంత ఆలస్యంగా వదిలారో శబ్దంలోనే దొరికిపోతుంది. ట్రాక్ చిన్నది, 2 కిలోమీటర్ల పైచిలుకు. వెళ్లిన కారు నిమిషం అటూ ఇటూగా మళ్లీ మన ముందుకొస్తుంది. ఇబ్బందల్లా ఒక్కటే, కార్లన్నీ ఒకేలా ఉండడంతో రెండు ల్యాప్‌లయ్యేసరికి ఎవరు ఎవరో నాకు తికమక. మావాడు నంబర్లన్నీ కాగితం మీద రాసుకున్నాడు, మీరూ అలాగే చేయండి. ఈ క్లాసులో ఛాంపియన్ అయిన అనిందిత్ రెడ్డి మన హైదరాబాద్ వాడేనని చెప్పి, మావాడు అతని నంబరు చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాడు.

అదే పోటీల్లో ఇంకో క్లాసు, ఎల్‌జీబీ ఫార్ములా 4 కూడా చూశాం. అవి పాత స్విఫ్ట్ 1.3 ఇంజిన్ కార్లు, గుంపులు గుంపులుగా వస్తాయి. ఓవర్‌టేకులు కావాలంటే అదే బాగుంటుంది. నాకు మాత్రం ఎఫ్‌బీ02 శబ్దమే ఇంకా చెవుల్లో ఉంది.

వెళ్లేవాళ్లు టోపీ, నీళ్ల సీసా పట్టుకెళ్లండి. చెవుల్లో దూది మాత్రం పెట్టుకోకండి.