‘అన్ని దురదలకూ ఒకే క్రీమ్’ కొని గజ్జిని ఇల్లంతా పాకించుకున్నాను, మీరు జాగ్రత్త

రాత్రయితే చాలు, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ ఒకటే దురద. తామరేమో అనుకున్నాను. ‘అన్ని దురదలకూ ఒకే క్రీమ్’ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే, రేటింగ్ బాగుందని తెప్పించాను. రెండు రోజుల్లో హాయిగా నిద్రపట్టింది. ఆ సంతోషంలో ఐదు స్టార్లు కూడా ఇచ్చేశాను.

మూడు వారాలు తిరిగేసరికి తొడల దాకా పాకింది. ఇంట్లో ఇంకో ఇద్దరు గోక్కోవడం మొదలుపెట్టారు. డాక్టర్ చూడగానే గజ్జి అన్నారు. ట్యూబ్ చూపిస్తే వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాల్లో ఉన్న క్లోబెటాసోల్ అనే పేరు మీద వేలు పెట్టారు. అది గట్టి స్టెరాయిడ్. దురదను, ఎర్రదనాన్ని అణిచేస్తుంది గానీ చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెట్టే గజ్జి పురుగును ఏమీ చేయదు. పైగా అది గజ్జి అని గుర్తుపట్టకుండా చేస్తుంది.

డాక్టర్ రాసింది 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్. అక్కడ మళ్లీ పప్పులో కాలేశాను. చవగ్గా వస్తోందని తెప్పించిన సీసా 1 శాతంది, తలలో పేలకు వాడేది! పేరొక్కటే చూడకండి, అంకె కూడా చూడండి. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద సహా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడిగేయాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ పట్టించాలి.

ఖర్చు ట్యూబ్‌కి ఎంత అని కాదు, ఇంటికి ఎంత అని లెక్కేసుకోండి. పెద్దవాళ్లకు ఒక్కసారికి సుమారు 30 గ్రాములు పడుతుంది. నలుగురు పెద్దలకు రెండుసార్లంటే 240 గ్రాములు. దురద లేనివాళ్లు కూడా అదే రోజు రాసుకోవాలి, ఎందుకంటే మొదటిసారి పట్టినప్పుడు దురద బయటపడటానికే 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. ఒక్కరిని వదిలేసినా ఆ డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఎక్కువమంది ఉన్న ఇంటికి సులువు. మామూలుగా కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. గుడ్ల మీద పనిచేయదు కాబట్టి వారం, రెండు వారాల తేడాతో రెండో డోసు ఉంటుంది. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు, అందుకే డాక్టర్‌ని అడగకుండా మింగొద్దు. బెంజైల్ బెంజోయేట్ అనే పూతమందు చవకే, పనిచేస్తుంది కూడా, కానీ గోకిన చోట తగిలితే భగ్గుమంటుంది. గంధకం ఆయింట్‌మెంట్ కంపు కొడుతుంది, బట్టలకు అంటుకుంటుంది. అయినా పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టర్లు రాసేవాటిలో అదొకటి. లిండేన్ అనే ఇంకో పూతమందు జోలికి మాత్రం వెళ్లకండి. దానితో ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లోనే తీవ్రమైన హెచ్చరిక పెట్టింది.

మందు పనిచేశాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు. నేను టెన్షన్‌తో మళ్లీ మళ్లీ రాసి చర్మం మండించుకున్నాను.

ఆ క్రీమ్ అమ్మినవాళ్లను డబ్బు వెనక్కి అడిగితే, ‘దురద తగ్గిందని మీరే రాశారు కదండీ’ అంటూ నా ఐదు స్టార్ల రివ్యూనే తిరిగి పంపించారు.