ప్యాడా, క్లాత్ ప్యాడా, కప్పా? బెంగళూరు పీజీలో ఏది మేలు?

మారతహళ్లి, బెళ్లందూరు పీజీల్లో ఉండే మన అమ్మాయిలు నెలసరికి వీటిలో ఏది మంచిదని అడిగితే నేను ముందు వాళ్ల బాత్రూమ్ గురించి అడుగుతాను. నీళ్లు ఎప్పుడొస్తాయి? బట్టలు ఎక్కడ ఆరేస్తారు? ఆఫీసులో ఎన్ని గంటలకోసారి లేవడానికి వీలవుతుంది? ఇవి తేలితే సగం జవాబు దొరికినట్టే.

క్లాత్ ప్యాడ్ ఒంటికి మెత్తగా ఉంటుంది, సువాసనలు, జెల్ ఉండవు. మామూలు ప్యాడ్‌తో తొడలు ఒరుసుకుపోయేవాళ్లకు హాయిగా ఉంటుంది. కానీ దాన్ని సబ్బుతో బాగా ఉతికి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. పీజీలో ఏం జరుగుతుందంటే, ఎవరైనా చూస్తారని బాత్రూమ్ తలుపు వెనక మేకుకి తగిలించి, పైన టవల్ కప్పేస్తారు. జులై ముసురులో అది రెండు రోజులైనా తడిగానే ఉంటుంది. ఆ చెమ్మలో బూజు, క్రిములు పెరుగుతాయి. మేడ మీద ధైర్యంగా ఆరేసుకోగలిగితేనే క్లాత్ ప్యాడ్ వాడండి. సొంతిల్లు, బాల్కనీలో ఎండ ఉన్నవాళ్లకు ఇది నిజంగా మంచి ఎంపిక.

మామూలు ప్యాడ్ ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. 2018లో జీఎస్టీ కూడా ఎత్తేశారు. ఇబ్బందల్లా ప్యాకెట్ మీద రాసింది నమ్మి పొద్దున పెట్టుకున్నది సాయంత్రం దాకా ఉంచేయడం. పైకి పొడిగా అనిపించినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాల్సిందే. సువాసన ఉన్నవి మాత్రం అస్సలు కొనకండి. దురద, మంట తెచ్చిపెట్టేది చాలాసార్లు ఆ సెంటే. 2022లో ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ పది రకాల ప్యాడ్లను పరీక్షిస్తే అన్నిట్లోనూ థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) కనిపించాయి. అవి ఉన్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు. కానీ లోపల ఏం వాడారో ప్యాకెట్ మీద రాయమని అడిగే హక్కు మనకుంది. పారేసేటప్పుడు న్యూస్‌పేపర్లో చుట్టి ఎర్ర గుర్తు పెట్టండి. చెత్త వేరు చేసే పౌరకార్మికురాలు వట్టి చేతులతో దాన్ని విప్పే అవసరం రాకూడదు.

నా ఓటు కప్పుకే, అంటే నెలసరి రక్తం పట్టుకునేలా యోని లోపల పెట్టుకునే మెత్తటి చిన్న గిన్నెకే. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన ఓ సమీక్ష 43 అధ్యయనాలను, సుమారు 3,300 మంది అనుభవాలను కలిపి చూసింది. కప్పు సురక్షితమేనని, లీకేజీ ప్యాడ్, టాంపాన్లతో (లోపల పెట్టుకునే దూది చుట్టలతో) సమానంగానో అంతకంటే తక్కువగానో ఉందని తేల్చింది. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. అయితే మొదటి రెండు మూడు నెలలు టెన్షన్ ఉంటుంది, సెలవు రోజున మొదలుపెట్టండి. తీసేటప్పుడు కాడ పట్టుకుని లాగకూడదు. అడుగు భాగాన్ని వేళ్లతో నొక్కితే గాలి పట్టు వదులుతుంది, అప్పుడు మెల్లగా జారుతుంది. కంపెనీ చెప్పినన్ని గంటలకు, ఎట్టి పరిస్థితిలోనూ పన్నెండు దాటకుండా ఖాళీ చేయాలి. ప్రతి నెలసరికీ ముందు ఓ చిన్న స్టీలు గిన్నెలో నీళ్లు పోసి కప్పును మరిగించాలి. ఆ గిన్నె దానికే ఉంచుకోండి. ఆఫీసులో అయితే కప్పు కడగడానికి టాయిలెట్‌లోకి ఓ నీళ్ల బాటిల్ తీసుకెళ్తే చాలు. కాపర్‌ టి ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగాకే వాడాలి, కప్పుతో పాటు అది జారిపోవచ్చు.

టాంపాన్ గురించి ఒకే మాట: ఎనిమిది గంటలు దాటనివ్వకండి.

ఇక ఇంటిమేట్ వాష్. మంచినీళ్లతో పోలిస్తే అది మేలని నేననుకోను. యోనిలో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) మామూలుగా 3.8 నుంచి 4.5 ఉంటుంది. లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా ఆ పులుపును కాపాడుతూ చెడ్డ క్రిములను అడ్డుకుంటుంది. లోపల కడిగితే ఆ మంచి బ్యాక్టీరియా పోతుంది. బయట నీళ్లు చాలు, ట్యాంకర్ నీళ్లు పడక మంట పుడుతుంటే కాచి చల్లార్చినవి వాడండి. పౌడర్ కూడా అక్కడ చల్లకండి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, పౌడర్లలో వాడే టాల్క్ ఖనిజాన్ని క్యాన్సర్ కారకం కావడానికి ఎక్కువ అవకాశమున్న (2ఎ) జాబితాలో చేర్చింది.

తెల్లబట్ట కొద్దిగా కావడం సహజమే. పెరుగు విరిగినట్టు వచ్చి దురద పెట్టినా, చేపల వాసన వచ్చినా డాక్టర్‌కి చూపించండి. ఆ రెండింటికీ మందులు వేరు, మెడికల్ షాపులో ఏదో ఒక క్రీమ్ అడిగి రాసుకుంటే తగ్గదు. దురద మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. టాంపాన్ గానీ కప్పు గానీ ఉన్నప్పుడు హఠాత్తుగా ఎక్కువ జ్వరం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే తీసేసి, అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి వెళ్లండి.