డిక్షనరీల నుంచి టేబుళ్లకు వచ్చేవాళ్లకు 'డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్' ఎలా ఉంది?

పైథాన్ డిక్షనరీలు కాస్త వంటబట్టాక అదే డేటాను టేబుల్‌లో పెట్టి చూడాలంటే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైళ్లను తెరిచి చూసి మార్చుకునే ఈ 'డీబీ బ్రౌజర్' కంటే తేలికైన సాఫ్ట్‌వేర్ దొరకడం కష్టం. ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. సర్వర్ గొడవ లేదు, పాస్‌వర్డ్ లేదు, డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలు.

దీని అసలు ఉపయోగం కీల దగ్గర తెలుస్తుంది. మార్కుల డిక్షనరీలో 101 అనే కీకి 78 ఉందనుకోండి. మళ్లీ అదే కీకి 82 ఇస్తే పాతది చడీచప్పుడు లేకుండా పోతుంది. టేబుల్ అలా ఊరుకోదు. క్రియేట్ టేబుల్ విండోలో రోల్ కాలమ్‌కి 'పీకే' (ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరుసను గుర్తించే కాలమ్) టిక్ పెట్టి ఉంటే, రెండో 101 దగ్గర 'యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఫెయిల్డ్' అని ఆపేస్తుంది. చాలామంది ఈ ఎర్రర్ వదిలించుకోవడానికి 'ఇన్‌సర్ట్ ఆర్ రీప్లేస్' రాసేస్తారు. అది పాత రోను సరిదిద్దదు, పీకేసి కొత్తది పెడుతుంది. మీరు రోల్, మార్కులే ఇచ్చారా, అదే రోలో ఉన్న ఫోన్ నంబరు ఎగిరిపోయి నల్, అంటే ఏ విలువా లేని ఖాళీ, మిగులుతుంది. డిక్షనరీలోలా ఒక్క విలువే మారాలంటే 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్' వాడాలి. ఎస్‌క్యూలైట్ 3.24లో, అంటే 2018లో వచ్చింది.

పీకే టిక్ పెట్టిన టెక్స్ట్ కాలమ్‌లో నల్ కూడా దూరుతుంది. ఎస్‌క్యూలైట్‌కి ఉన్న పాత జబ్బు ఇది. పక్కనే ఉన్న 'ఎన్ఎన్' (నాట్ నల్) కూడా టిక్ చెయ్యండి.

రకాల దగ్గర ఇంకో తిరకాసు. డిక్షనరీలో 101 వేరు, కోట్స్‌లో ఉన్న '101' వేరు. సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలును) పైథాన్‌లోని డిక్ట్‌రీడర్‌తో చదివితే అన్నీ స్ట్రింగులే వస్తాయి. ఇంటీజర్ కాలమ్‌లోకి '0045' పంపితే ముందు సున్నాలు రాలిపోయి 45 అవుతుంది. 'ఆబ్సెంట్' అని పంపితే మాత్రం నోరెత్తకుండా టెక్స్ట్‌గానే దాచుకుంటుంది! ఎగ్జిక్యూట్ ఎస్‌క్యూఎల్ ట్యాబ్‌లో టైప్‌ఆఫ్ ఫంక్షన్ నడిపితే ఏ రోలో ఏ రకం ఉందో బయటపడుతుంది. ఫోన్ నంబరు, హాల్‌టికెట్ నంబరు లాంటివాటికి టెక్స్టే పెట్టండి. వాటితో కూడికలు చెయ్యం కదా.

సీఎస్‌వీ ఇంపోర్ట్ బాగుంది. 'కాలమ్ నేమ్స్ ఇన్ ఫస్ట్ లైన్' టిక్ చేస్తే మొదటి వరుసే కాలమ్ పేర్లవుతుంది. తెలుగు పేర్లున్న షీటును ఎక్సెల్ నుంచి మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, ఆ ఫైలు నుంచి వాటిని మళ్లీ రాబట్టలేం. 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోవాలి. అదే ఫైలును పైథాన్‌లో తెరిస్తే మొదటి కాలమ్‌కి మాత్రమే కీఎర్రర్ రావచ్చు. 'రోల్' అని కళ్లెదుటే కనిపిస్తున్నా లేదంటుంది. ఫైలు మొదట్లో ఎక్సెల్ పెట్టిన కనిపించని గుర్తు ఆ కీకి అతుక్కుని ఉంటుంది. ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే పోతుంది.

ఇక చిరాకు పెట్టేవి. సెల్ మార్చి 'రైట్ ఛేంజెస్' నొక్కడం మరిచిపోతే ఆ మార్పు ఫైల్లోకి చేరదు, పైగా ఫైలు లాక్ అయి ఉంటుంది. అటు పైథాన్ అయిదు సెకన్లు ఎదురుచూసి 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అంటుంది. కోడ్‌లో వెతికితే తప్పు దొరకదు, డీబీ బ్రౌజర్‌లో కంట్రోల్ ఎస్ నొక్కాలంతే. దీనికి తిరగేసిన కేసూ ఉంది. పైథాన్‌లో కమిట్ (మార్పులను ఫైల్లో ఖాయం చేసే ఆదేశం) రాయకపోతే ఇక్కడ టేబుల్ ఖాళీగా కనిపిస్తుంది. కమిట్ చేశాక కూడా రిఫ్రెష్ నొక్కాలి.

ఫారిన్ కీ (ఒక టేబుల్‌లోని విలువ మరో టేబుల్‌లో ఉండి తీరాలనే నియమం) విషయంలో మాత్రం కొత్తవాళ్లు బోల్తా పడటం ఖాయం. ఈ సాఫ్ట్‌వేర్ ఫారిన్ కీ తనిఖీని తనంతట తానే ఆన్ చేసుకుంటుంది, పైథాన్ కనెక్షన్ చేసుకోదు. అందుకే లేని విద్యార్థి పేరున మార్కులు వేస్తే ఇక్కడ ఎర్రర్ వస్తుంది, స్క్రిప్ట్ మాత్రం హాయిగా వేసేస్తుంది. కనెక్ట్ అయిన ప్రతిసారీ, మొదటి ఇన్‌సర్ట్ కంటే ముందే 'ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్' నడపాలి. ఒకసారి నడిపితే ఫైల్లో నిలిచిపోయే సెట్టింగ్ కాదది.