మొగుడి దొంగాట మీద కామెడీ: అతని వైపు నుంచా, ఆమె వైపు నుంచా?

భార్యకు తెలియకుండా ఇంకొకామెతో తిరిగే మొగుడి కథ ఎవరి వైపు నుంచి చెప్పాలి? స్క్రిప్ట్ రాసేవాళ్లకు ఈ తికమక ఎప్పుడూ ఉండేదే.

భర్త వైపు నుంచి చెబితే నవ్వు తేలిగ్గా పుడుతుంది. ఒక ఇల్లు, నాలుగు తలుపులు, మోగే ఫోన్ చాలు, ఖర్చూ తక్కువే. దొరికిపోతాడేమోనన్న టెన్షనే కథను లాక్కెళ్తుంది.

భార్య వైపు నుంచైతే శ్రమ ఎక్కువ. ముందు ఆమె బాధ నిజమనిపించాలి, ఆ తర్వాతే నవ్వు రావాలి.

అసలు తేడా రిస్క్ దగ్గరే. మొదటి రకంలో ప్రేక్షకుడు తనకు తెలియకుండానే మొగుడి పక్షం చేరతాడు. చొక్కా మీద మరక చూసి ‘ఇదేంటండీ?’ అని అడిగిన పాపానికి భార్య అనుమానం పక్షి అయిపోతుంది, ఆమె అనుమానం అక్షరాలా నిజమే అయినా! ప్రియురాలికి పాట తప్ప మాట ఉండదు. చివర్లో ఒక క్షమాపణ, అందరూ కలిసి ఫొటో. నాకు ఒళ్లు మండేది అక్కడే.

రెండో రకంలో ప్రతీకారం ముదిరితే మగాళ్లంతా కార్టూన్లయిపోతారు. 1996లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ది ఫస్ట్ వైవ్స్ క్లబ్’ ఆ అంచు దాకా వెళ్లింది కానీ, అందులో మొగుళ్ల మీద పగ తీర్చుకునే ముగ్గురు స్నేహితురాళ్లూ చివరికి మహిళల కోసం సహాయ కేంద్రం తెరవడంతో నిలదొక్కుకుంది.

తలుపుల చుట్టూ పరుగులే కావాలంటే మొదటిది తీసుకోండి, కాకపోతే భార్యకు కాస్త తెలివి ఇవ్వండి. నిజం తెలిశాక ఆమె ఏం చేస్తుందన్నదే మీ ఆసక్తి అయితే రెండోదే.