ఫోయ్‌కా, పోల్పెరోకా?

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో భార్యాభర్తలిద్దరికీ ఒక్కరోజే తీరిక దొరికితే నది ఊరు ఫోయ్‌కి వెళ్లాలా, సముద్రపు ఊరు పోల్పెరోకా?

పోల్పెరో చూడగానే మనసు లాగేస్తుంది. కారు ఊరి పైనే ఆపి, సన్నటి వీధుల్లో కిందికి నడవాలి. ఆటు వేళ రేవులో నీళ్లు పోయి, పడవలు బురదలో ఒరిగి ఉంటాయి. ఒకప్పుడు దొంగరవాణా సరుకు దిగిన రేవు ఇది. వేసవి మధ్యాహ్నాల్లో మాత్రం జనం తోసుకుంటారు.

ఫోయ్‌లోనూ రద్దీ ఉంటుంది. కానీ చిన్న ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున పోల్రువాన్‌లో దిగితే సందడి తగ్గిపోతుంది. అక్కడ మా ఆవిడ రేవు మెట్టు మీద కూర్చుని, పడవల తాళ్లు తెరచాప స్తంభాలకు టిక్ టిక్‌మని కొట్టుకోవడం వింటూ అరగంట కదల్లేదు. అందుకే మా ఓటు ఫోయ్‌కే.

రెండూ కావాలంటే పోల్రువాన్ నుంచి పోల్పెరోకి సముద్రం వెంట కాలిబాట ఉంది. సుమారు 11 కిలోమీటర్లు. ఎత్తుపల్లాలు ఎక్కువ, మంచి బూట్లు వేసుకోండి.